పేరు నిలిచినది, ముఖము మారినది
అమెరికా బొమ్మల కథలలో వీరనామముల వారసత్వము

తాత పేరు మనుమనికి పెట్టుట తెలుగు కుటుంబములలో చిరకాలముగా వచ్చుచున్న ఆచారము. ఆ పేరు పొందిన పసివాడు సర్వవిధముల తాతవలె నుండవలెనని ఎవరును కోరరు. వాని ముఖము వేరు, కాలము వేరు. పొట్టకూటికై దేశాంతరము చేరిన కుటుంబమైనచో వాని ఊరును, చదువుకొను భాషయు వేరు. అయినను ఆ పేరుతో పిలిచినపుడు ఇంటి పెద్దల మనస్సున ఒక తృప్తి కలుగును. రాజుల విషయమునను ఇట్టిదే కలదు. విక్రమాదిత్యుడను పేరును గుప్తవంశీయుడైన రెండవ చంద్రగుప్తుడు బిరుదముగా ధరించెను. పిమ్మట చాళుక్యులలో పలువురు రాజులకు అదియే పేరయ్యెను. కృష్ణదేవరాయలను లోకము ఆంధ్రభోజుడని కొనియాడెను. పేరొకటి, దానిని మోసిన భుజములు పెక్కు.

ఇట్టి వారసత్వమే అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఒక వింతయైన రంగమున గొప్ప వివాదమునకు కారణమైనది. అది కామిక్స్ అనబడు బొమ్మల కథల రంగము. అందలి అద్భుతవీరులను ఆ దేశస్థులు సూపర్‌హీరోలందురు. ఆ వీరులకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి, ముసుగు ధరించినపుడు లోకము పిలుచు పేరొకటి ఉండును. ఈ రెండవ పేరు ఒకరినుండి మరియొకరికి సంక్రమింపవచ్చును. తెల్లజాతి పురుషునినుండి మరియొక తెల్లజాతి పురుషునికి సంక్రమించినంతకాలము అది కథలోని ఒక మలుపు మాత్రమే. నల్లజాతివానికో, స్త్రీకో, వలసవచ్చిన కుటుంబపు బిడ్డకో సంక్రమించినపుడు అది దేశమంతటను చర్చనీయాంశమైనది. పేరు ఎవరి సొత్తు, దానిని పొందుటకు ఎవరు అర్హులు, పొందినవారు దానిని ఎట్లు నిలుపుకొందురు అను ప్రశ్నలకు ఈ బొమ్మల కథల చరిత్ర చెప్పు సమాధానములు విచారింపదగినవి.

పేర్లు మార్చుకొన్నవారి సృష్టి

1938 జూను నెల తేదీతో వెలువడిన యాక్షన్ కామిక్స్ తొలి సంచికలో సూపర్‌మాన్ అవతరించెను. అతనిని సృష్టించినవారు జెర్రీ సీగెల్, జో షుస్టర్ అను ఇరువురు యువకులు. క్లీవ్‌లండ్ నగరమున ఒకే పాఠశాలలో చదివిన ఈ మిత్రులు వలసవచ్చిన యూదు కుటుంబముల బిడ్డలు. మరుసటి సంవత్సరము బాబ్ కేన్, బిల్ ఫింగర్ అనువారు బాట్‌మాన్‌ను సృష్టించిరి. 1941 మార్చి తేదీ గల సంచికలో జో సైమన్, జాక్ కర్బీల కెప్టెన్ అమెరికా పాఠకులకు దర్శనమిచ్చెను. ఆ సంచిక ముఖచిత్రమున అతడు హిట్లరును దవడపై కొట్టుచుండును. అప్పటికి అమెరికా యుద్ధమున ప్రవేశింపలేదు.

ఇచట గమనింపవలసిన విశేషమొకటి కలదు. జాక్ కర్బీకి తల్లిదండ్రులు పెట్టిన పేరు జేకబ్ కర్ట్స్‌బర్గ్. బాబ్ కేన్ అసలు పేరు రాబర్ట్ కాన్. తరువాతి కాలమున ఈ రంగమున మిక్కిలి ఖ్యాతి గడించిన స్టాన్ లీ పుట్టినపుడు స్టాన్లీ లీబర్. ఒక్కొక్కరి కారణములు వేరుగా నుండవచ్చును గాని, వలసకుటుంబములనుండి వచ్చిన ఈ రచయితలును చిత్రకారులును క్రొత్త పేర్లతోనే లోకమునకు పరిచితులైరి. వారు సృష్టించిన వీరులును రెండు పేర్లతో జీవించిరి. సూపర్‌మాన్ వేరొక గ్రహమునుండి వచ్చి, అమెరికా పల్లెటూరి దంపతుల ఇంట క్లార్క్ కెంట్ అను పేరుతో పెరిగినవాడు. పరాయితనమును లోన దాచుకొని పరిసరములలో కలిసిపోవుట ఆ రచయితలకు తెలిసిన అనుభవమే. అట్లయ్యును వారు గీసిన మహావీరులందరును తెల్లజాతివారే. ఆనాటి అంగడి నియమము అట్టిది.

తొలి వారసులు

రెండవ ప్రపంచయుద్ధానంతరము అద్భుతవీరులపై పాఠకుల మోజు తగ్గెను. 1940లో వెలువడిన ఫ్లాష్, గ్రీన్ లాంటర్న్ అను వీరుల సంచికలు రెండును 1949లో నిలిచిపోయినవి. ఏడేండ్ల పిమ్మట, 1956లో, జూలియస్ ష్వార్ట్‌జ్ అను సంపాదకుడు ఫ్లాష్ అను పేరును మరల వెలుగులోనికి తెచ్చెను. పాత ఫ్లాష్ పేరు జే గారిక్. క్రొత్తవాడు బారీ అలెన్. వేషము మారినది, వృత్తి మారినది, శక్తి కలిగిన కారణము మారినది. మెరుపువలె పరుగిడుటయు, ఆ పేరును మాత్రము మిగిలినవి.

రచయితలు ఇందొక చమత్కారము చేసిరి. బారీ అలెన్ జే గారిక్ బొమ్మల కథలను చదివి ఆనందించినవాడు. తనకు శక్తి సంక్రమించినపుడు తన అభిమాన వీరుని పేరునే అతడు ధరించెను. 1961లో గార్డినర్ ఫాక్స్ వ్రాయగా కార్మైన్ ఇన్ఫాంటినో బొమ్మలు గీసిన కథలో ఇరువురు ఫ్లాష్‌లును కలిసికొందురు. పెద్దవాడు చిన్నవానిని ఆదరించును. పేరు దొంగిలింపబడలేదనియు, అభిమానముచేత స్వీకరింపబడినదనియు పాఠకునికి నమ్మకము కుదిరెను. 1985లో బారీ కథలో మరణింపగా, అతని శిష్యుడు వాలీ వెస్ట్ ఆ పేరును గ్రహించి ఇరువదేండ్లకు పైగా దానిని నిలిపెను. ఆ కాలమున చదువ నారంభించిన బాలురకు ఫ్లాష్ అనగా వాలీయే.

కావున వీరనామము చేతులు మారుట ఇరువదియొకటవ శతాబ్దిలో పుట్టిన వింత కాదు. అమ్మకములు పడిపోయినపుడు పాత పేరుకు క్రొత్త ప్రాణము పోయుటకై వ్యాపారులు కనుగొన్న ఉపాయమది. అయితే ఈ తొలి వారసులందరును ఒకే రంగువారు.

రంగు అడ్డుగోడ

ఆ గోడ ఎంత బలమైనదో తెలుపు వృత్తాంతమొకటి కలదు. బొమ్మల కథలు పిల్లలను చెడగొట్టుచున్నవను కోలాహలము రేగి, 1954లో అమెరికా సెనేటు ఉపసంఘము విచారణ జరిపెను. ప్రభుత్వము జోక్యము చేసికొనునేమోయను భీతితో ప్రచురణకర్తలు అదే సంవత్సరము కామిక్స్ కోడ్ అను స్వీయనియమావళిని ఏర్పరచుకొనిరి. ఆ కోడు ముద్ర లేని సంచికలను అమ్మకమునకు పెట్టుట దుర్లభమయ్యెను.

ఇ.సి. కామిక్స్ అను సంస్థ 1953లో జడ్జ్‌మెంట్ డే అను కథను ప్రచురించియుండెను. నారింజరంగు, నీలిరంగు యంత్రమానవులు నివసించు గ్రహమునకు భూలోకమునుండి ఒక పరీక్షకుడు వచ్చును. ఒక రంగు యంత్రములు రెండవ రంగు యంత్రములను హీనముగా చూచుట గమనించి, ఆ గ్రహమింకను మహాకూటమిలో చేరుటకు అర్హము కాదని తీర్పు చెప్పి వెడలిపోవును. కడపటి బొమ్మలో అతడు శిరస్త్రాణమును తొలగించును. అతడు నల్లజాతివాడు. 1956 ఆరంభమున ఈ కథను పునర్ముద్రింపబూనగా, ఆ వ్యోమయాత్రికుడు నల్లజాతివాడు కారాదని కోడు అధికారి అభ్యంతరము తెలిపెను. కథాసారమంతయు ఆ ఒక్క ముఖమునందే యున్నది. సంస్థాధిపతి విలియమ్ గెయిన్స్, సంపాదకుడు ఆల్ ఫెల్డ్‌స్టైన్ లొంగక దానిని యథాతథముగా ముద్రించిరి. ఆ సంస్థ వెలువరించిన బొమ్మల కథల సంచికలలో అదియే కడపటిది. ఫ్లాష్ అను పేరు క్రొత్త యజమానిని పొందినదియు ఆ సంవత్సరముననే. పేరు మారవచ్చును, రంగు మారరాదు అను నాటి స్థితిని ఈ రెండు సంఘటనలును ఏకకాలమున తెలుపుచున్నవి.

పౌరహక్కుల ఉద్యమము ఈ గోడను క్రమముగా కదల్చెను. 1966లో స్టాన్ లీ, జాక్ కర్బీలు బ్లాక్ పాంథర్ అను ఆఫ్రికా రాజును సృష్టించిరి. 1969లో స్టాన్ లీ, చిత్రకారుడు జీన్ కోలన్ కెప్టెన్ అమెరికా కథలలో ఫాల్కన్ అను పేరుతో శామ్ విల్సన్‌ను ప్రవేశపెట్టిరి. ఇతడు న్యూయార్కులోని హార్లెమ్‌కు చెందిన నల్లజాతివాడు. వీరివి క్రొత్త పేర్లు. పాత పేరును నల్లజాతివాడు ధరించుటకు మరి రెండేండ్లు పట్టెను.

ముసుగు వలదన్నవాడు

గ్రీన్ లాంటర్న్ అనగా ఒక మాయా ఉంగరమును ధరించి విశ్వమును కాపాడువాడు. 1959నుండి ఆ పేరు హాల్ జోర్డన్ అను విమానచోదకునిది. 1970లో డెనిస్ ఓనీల్ వ్రాయగా నీల్ ఆడమ్స్ బొమ్మలు గీసిన కథలో ఒక నల్లజాతి వృద్ధుడు అతనిని నిలదీయును. ఏయే గ్రహములపైనో నీలిరంగువారికి, నారింజరంగువారికి మేలుచేసిన నీవు నల్లరంగువారికి చేసినదేమని ఆ వృద్ధుని ప్రశ్న. వీరుడు తలవంచుకొనును. 1971 డిసెంబరు తేదీ గల సంచికలో ఆ ఇరువురే జాన్ స్టూవర్ట్ అను నల్లజాతి వాస్తుశిల్పికి అదే ఉంగరమును, అదే పేరును ఇచ్చిరి.

జాన్ తొలినాడే ముసుగును తిరస్కరించును. తాను దాచుకొనవలసినదేదియు లేదని అతని వాదము. చిన్న విషయముగా తోచినను ఇది చరిత్రలో గుర్తింపదగినది. పాత వీరులు పేరుతోపాటు ముసుగును స్వీకరించిరి; ఇతడు పేరును గ్రహించి తన ముఖమును నిలుపుకొనెను. ప్రారంభమున అతడు అవసరమునకు పనికివచ్చు ప్రత్యామ్నాయ వీరుడు మాత్రమే. పండ్రెండేండ్లకు పైగా గడచిన పిమ్మట, 1984లో, ఆ సంచికలకు అతడు ముఖ్యవీరుడయ్యెను. 2001లో జస్టిస్ లీగ్ అను టెలివిజన్ చిత్రమాలిక ప్రారంభమైనపుడు నిర్మాతలు గ్రీన్ లాంటర్న్‌గా జాన్ స్టూవర్ట్‌నే ఎన్నుకొనిరి. దానిని చూచుచు పెరిగిన పిల్లలకు గ్రీన్ లాంటర్న్ అనగా జాన్. హాల్ జోర్డన్ తరువాత పరిచయమైనవాడు. ముప్పదియేండ్లలో ప్రత్యామ్నాయము అసలుగా మారెను.

ఎరువు పేర్లు

అందరికిని అట్టి భాగ్యము లభింపలేదు. 1982లో రోజర్ స్టెర్న్, జాన్ రొమీటా జూనియర్ సృష్టించిన మోనికా రాంబో అను నల్లజాతి స్త్రీ కెప్టెన్ మార్వెల్ అను పేరును ధరించెను. 1967లో ఆ పేరుతో అవతరించిన వీరుడు ఆ సంవత్సరమే కథలో మరణించియుండెను. ఆమె అవెంజర్స్ అను వీరసంఘమునకు నాయకత్వము వహించినను, 1996లో చనిపోయిన వీరుని కుమారునికి ఆ పేరును విడిచిపెట్టి వేరొక పేరు పెట్టుకొనవలసి వచ్చెను. 1983లో జేమ్స్ రోడ్స్ అను నల్లజాతి విమానచోదకుడు, యజమాని టోనీ స్టార్క్ త్రాగుడుకు బానిసయైనపుడు, అతని స్థానమున ఐరన్ మాన్ కవచమును ధరించెను. 1985లో యజమాని కోలుకొని తిరిగివచ్చెను. 1999లో బాట్‌గర్ల్ అయిన కాసాండ్రా కేన్ ఆసియా సంతతికి చెందిన యువతి. డెబ్బదిమూడు సంచికలు నడచిన ఆమె కథ 2006లో ఆగిపోగా, 2009లో ఆ వేషము మరియొక యువతికి సంక్రమించెను.

వీనికన్నను దారుణమైనది రయన్ చోయి కథ. హాంగ్‌కాంగ్‌లో పుట్టిన ఈ శాస్త్రవేత్త 2006లో ఆటమ్ అను వీరుని పేరును పొందెను. 2010లో ఒక ప్రత్యేక సంచికలో రచయితలు అతనిని చంపివేసిరి. మొదటి ఆటమ్ తిరిగివచ్చుచుండగా వారసుడు అడ్డయ్యెనని పాఠకులు పలువురు నిరసించిరి. కొన్నియేండ్లకు అతడును కథలలో పునర్జీవితుడయ్యెను గాని, ఎరువు తెచ్చుకొన్న పేరు ఎంత అస్థిరమో ఆ సంఘటన చాటెను.

పరుల పేరు ఏల, సొంత పేరుతోనే నిలువరాదా అను ప్రశ్న ఇచట ఉదయించును. ఆ ప్రయత్నమును జరిగినది. 1993లో డ్వేన్ మెక్‌డఫీ మొదలగు నలువురు నల్లజాతి రచయితలు, చిత్రకారులు మైల్‌స్టోన్ అను సంస్థను స్థాపించి, స్టాటిక్, ఐకన్ వంటి సరిక్రొత్త వీరులను సృష్టించిరి. ఆ సంచికలు 1997లో నిలిచిపోయినవి. దీనికి అంగడి ఏర్పాటే ఒక ప్రధానకారణము. అమెరికాలో బొమ్మల కథలు ప్రత్యేకమైన దుకాణములలో అమ్ముడగును. దుకాణదారు కొన్ని నెలల ముందుగనే సంచికలకు ఆర్డరు పంపవలెను. అమ్ముడుపోని ప్రతులను సాధారణముగా తిరిగి పుచ్చుకొనరు; నష్టము దుకాణదారునిదే. అతడు తెలిసిన పేరును నమ్మును, తెలియని పేరుకు జంకును. అందుచేత పాత పేరు క్రొత్త వీరునికి అంగడిలో ప్రవేశపత్రమువంటిదయ్యెను. ఆదర్శము, వ్యాపారము రెండును కలిసి ఈ వారసత్వములను కల్పించినవని చరిత్రకారుడు అంగీకరింపక తప్పదు.

దాచబడిన పూర్వుడు

వారసత్వమనగా పాతవాడు తెల్లవాడనియు, క్రొత్తవాడు నల్లవాడనియు స్థిరపడిన అభిప్రాయమును 2003లో ఒక కథ తలక్రిందులు చేసెను. రాబర్ట్ మొరాలెస్ వ్రాయగా కైల్ బేకర్ చిత్రించిన ఆ కథ పేరు ట్రూత్. కెప్టెన్ అమెరికాకు బలమిచ్చిన ఔషధమును యుద్ధకాలమున నల్లజాతి సైనికులపై వారికి తెలియకుండ ప్రయోగించిరనియు, అందు మిగిలిన ఐజయా బ్రాడ్లీ అనువాడు కెప్టెన్ అమెరికా వేషమును ధరించి శత్రువులతో పోరాడెననియు, తిరిగివచ్చిన పిమ్మట అతనికి దక్కినది చెరసాల యనియు ఆ కథ చెప్పును.

ఈ కల్పనకు వెనుక ఒక సత్యము కలదు. అలబామా రాష్ట్రములోని టస్కెగీ ప్రాంతమున 1932నుండి 1972వరకు అమెరికా ప్రభుత్వ ఆరోగ్యశాఖ వైద్యులు సవాయిరోగముగల వందలాది నల్లజాతి పురుషులకు రోగమును గూర్చి నిజము చెప్పక, మందు దొరకిన పిమ్మటకూడ చికిత్స చేయక, వ్యాధి గతిని గమనించుచుండిరి. ఆ అన్యాయమును బొమ్మల కథ దేశనామము ధరించిన వీరుని చరిత్రలోనికి తెచ్చెను. కొందరు పాఠకులు కోపించిరి. కాని పేరును మోసియు లెక్కలోనికి రానివారు పూర్వులలో నుండవచ్చునను భావము ఆ కథచేత నిలిచిపోయెను.

తన ముఖముతో నిలిచిన బాలిక

2011నుండి ఈ వారసత్వములు వెల్లువవలె వచ్చినవి. ఆ సంవత్సరము ఆగస్టులో బ్రయన్ మైకేల్ బెండిస్, చిత్రకారిణి సారా పికెల్లీ మైల్స్ మొరాలెస్‌ను పరిచయము చేసిరి. తండ్రి నల్లజాతివాడు, తల్లి ప్యూర్టోరికోకు చెందినది. పీటర్ పార్కర్ మరణించిన ఒక కథాలోకమున ఈ బ్రూక్లిన్ బాలుడు స్పైడర్‌మాన్ అయ్యెను. 2014లో కెప్టెన్ అమెరికా అయిన స్టీవ్ రోజర్స్ శరీరమునుండి ఔషధబలము నశించి వృద్ధుడు కాగా, తన డాలును శామ్ విల్సన్‌కు అందించెను. ఫాల్కన్‌గా అవతరించిన నలువదియైదేండ్లకు అతనికి ఆ డాలు దక్కినది. ఆ సంవత్సరముననే 1962నుండి కథలో నర్సుగా పరిచితురాలైన జేన్ ఫాస్టర్ థార్ సమ్మెటను ఎత్తెను. ఆమె రొమ్ము కాన్సరు రోగి. థార్‌గా మారిన ప్రతిసారియు చికిత్సకై ఇచ్చిన మందు శరీరమునుండి తొలగిపోయి రోగము ముదురును. 2015లో కొరియా సంతతికి చెందిన అమేడియస్ చో హల్క్ అయ్యెను. 2016లో పదునైదేండ్ల నల్లజాతి బాలిక రిరి విలియమ్స్ ఐరన్ మాన్ స్థానమున నిలిచి, ఐరన్‌హార్ట్ అను పేరు పెట్టుకొనెను.

వీరందరిలో కమలా ఖాన్ కథ ఈ వారసత్వతత్త్వమును మిక్కిలి స్పష్టముగా తెలుపును. మిస్ మార్వెల్ అను పేరు 1977నుండి కరోల్ డాన్వర్స్ అను తెల్లజాతి వీరవనితది. 2012లో ఆమె, మోనికా విడిచిన కెప్టెన్ మార్వెల్ అను పేరును గ్రహించెను. అందుచే మిస్ మార్వెల్ అను పేరు ఖాళీ అయ్యెను. 2014లో దానిని పొందిన కమల, పాకిస్తానునుండి వలసవచ్చిన ముస్లిము దంపతుల కుమార్తె, న్యూజెర్సీ రాష్ట్రములోని జెర్సీ సిటీలో చదువుకొనుచున్న పదునారేండ్ల బాలిక. రచయిత్రి జి. విల్లో విల్సన్, చిత్రకారుడు ఏడ్రియన్ ఆల్ఫోనా. సంపాదకులలో ఒకరైన సనా అమానత్ న్యూజెర్సీలో పెరిగిన పాకిస్తానీ సంతతి మహిళ.

కమల కరోల్‌ను ఆరాధించును. రూపము మార్చుకొను శక్తి కలిగినపుడు, ఆమె కోరిక ననుసరించి, బంగారురంగు జుట్టుతో, పొడవైన బూట్లతో, అచ్చముగా కరోల్ రూపము వచ్చును. ఎంతోకాలముగా కోరుకొన్న రూపమది. కాని ఆ జుట్టు మొగముపై పడి చికాకు కలిగించును; ఆ దుస్తులు అసౌకర్యముగా నుండును; ఆ శరీరములో తాను లేనట్లు తోచును. నీటిలో మునుగుచున్న సహాధ్యాయినిని కాపాడవలసివచ్చినపుడు ఆమె ఆ రూపముతోనే కాపాడును. ఏలన వీరవనితయనగా అట్లే యుండునని ఆమె నమ్మిక. మెల్లమెల్లగా ఆ నమ్మిక సడలును. తుదకు ముస్లిము స్త్రీలు ఈతకు ధరించు ఒడలినిండు దుస్తులను మార్చి కుట్టుకొని, తన నల్లని జుట్టుతో, తన ముఖముతో ఆమె మిస్ మార్వెల్‌గా నిలుచును. పేరు కరోల్‌ది, ముఖము కమలది. ఇంటిలో తల్లిదండ్రుల కట్టుబాట్లు, మసీదులోని పెద్దల హితవు, పాఠశాలలోని ఎగతాళి, ఇవన్నియు ఆ కథలో భాగములు.

2015లో ఈ కథ తొలి సంపుటమునకు వైజ్ఞానిక కల్పనాసాహిత్యమున ప్రసిద్ధమైన హ్యూగో పురస్కారము లభించెను. ఆ సంవత్సరారంభముననే శాన్‌ఫ్రాన్సిస్కోలో బస్సులపై ఇస్లామును ద్వేషించు ప్రకటనలు వెలయగా, కొందరు చిత్రకారులు వానిపై కమల బొమ్మలను అతికించిరి. కల్పితబాలిక ఒక నగరపు వీధిలో తనవారి పక్షమున నిలిచెను.

ఆక్షేపణలును ఫలితములును

ఈ మార్పులను ఆక్షేపించినవారందరును జాతిద్వేషులని కొట్టివేయుట న్యాయము కాదు. చిన్ననాటినుండి చదివిన వీరుడు పాఠకునికి బంధువువంటివాడు. అతని స్థానమున వేరొకరు నిలిచిన వెలితి తోచుట సహజము. క్రొత్తవారికి పాత పేర్లిచ్చుటకన్న సొంత పేర్లిచ్చుట గౌరవమను వాదమును అల్పులైనవారి పక్షమునుండియే వచ్చినది. అయితే కొందరి ఆక్షేపణ వేరు. వాలీ వెస్ట్‌ను స్వీకరించిన మనస్సు మైల్స్ మొరాలెస్‌ను త్రోసిపుచ్చినచో, అభ్యంతరము పేరు మారుటయందు లేదు, రంగునందున్నది.

2017 వసంతకాలమున మార్వెల్ సంస్థ విక్రయవిభాగపు ఉన్నతోద్యోగి యొకరు, వైవిధ్యముగల వీరులను, స్త్రీలను పాఠకులు కోరుట లేదని దుకాణదారులు చెప్పుచున్నారని ప్రకటించెను. పెద్ద దుమారము రేగగా, క్రొత్త వీరులను విడువబోమని వివరణ యిచ్చెను. ఆ సంవత్సరముననే శామ్ విల్సన్ డాలును మరల స్టీవ్‌కు అప్పగించెను. మరుసటి సంవత్సరము థార్ అను పేరు పాతవానికే చేరెను. వ్యాపారపు లెక్కలలో మరికొన్ని కారణములును కలవని విమర్శకులు చూపిరి. సంచికలను తరచుగా ఆపి మరల ఒకటవ సంఖ్యనుండి ప్రారంభించుట, ఒకేమారు మితిమీరిన సంఖ్యలో వెలువరించుట పాఠకులను విసిగించినవి. మిస్ మార్వెల్ పాఠకులు పెక్కురు దుకాణముల నెలసరి సంచికలకన్న పుస్తకరూపమున వచ్చిన సంపుటములను కొనిరి. ఆ కొనుగోలు దుకాణదారుల లెక్కకు పూర్తిగా రాదు.

కాలము ఆ ప్రకటనకు తానే సమాధానము చెప్పెను. 2018లో మైల్స్ నాయకుడుగా వెలువడిన యానిమేషన్ చిత్రమునకు 2019లో ఆస్కారు పురస్కారము లభించెను. 2021లో టెలివిజన్ కథామాలికలో శామ్ విల్సన్ మరల డాలు పట్టెను. అందు ఐజయా బ్రాడ్లీ పాత్రయు ప్రవేశించి, నల్లజాతివాడు ఆ పతాకపు రంగులను ధరింపవచ్చునా అని శామ్‌ను ప్రశ్నించును. కడపట ఐజయా త్యాగము ప్రదర్శనశాలలో విగ్రహరూపమున గుర్తింపబడును. 2025లో శామ్ కెప్టెన్ అమెరికాగా చలనచిత్రము విడుదలయ్యెను.

మైల్స్ రెండవ చిత్రము 2023 జూనులో భారతదేశమున ఇతర భాషలతోపాటు తెలుగునను విడుదలయ్యెను. అందు పవిత్ర్ ప్రభాకర్ అను భారతీయ స్పైడర్‌మాన్ కలడు. శరద్ దేవరాజన్, సురేష్ సీతారామన్, జీవన్ కాంగ్ 2004లో ఆ పాత్రను ముంబయి బాలునిగా సృష్టించిరి. మైల్స్, పీటర్, పవిత్ర్ ఒకే చిత్రమున ఒకే పేరుతో నిలిచినను, ఒకరి వెలుగు మరియొకరిని మసకపరచలేదు.

ఉపసంహారము

ఈ ఎనుబదియేండ్ల చరిత్రను పరిశీలింపగా మూడు విషయములు తేలుచున్నవి. మొదటిది, ఇచ్చువాని మనస్సు: బారీని ఆదరించిన జే వలె, డాలునందించిన స్టీవ్ వలె, పెద్దలు మనఃపూర్వకముగా ఇచ్చిన పేరు నిలుచును. రెండవది, పుచ్చుకొనువాని ధైర్యము: ముసుగు వలదన్న జాన్, పరాయి రూపమును విడిచిన కమల తమ ముఖముతోనే పేరును వెలిగించిరి. మూడవది, కాలము. జాన్‌కు ముప్పదియేండ్లు లభించినవి. రయన్ చోయికి నాలుగేండ్లైనను నిండుగా దక్కలేదు. పేరునిచ్చి గడువునీయకుండుట దానమిచ్చి తిరిగి పుచ్చుకొనుటయే.

తరతరములుగా పరరాష్ట్రములందు స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఈ విచారము దూరమైనది కాదు. ఆ ఇండ్లలో ఇంటిపేరు తెలుగు. బిడ్డ బడిలో వ్రాయు లిపి కన్నడమో, తమిళమో, ఒరియాయో, మరాఠీయో. తాత పలికిన యాసలో మనుమడు పలుకలేడు. అంతమాత్రమున వాడు ఆ పేరుకు తగడని పెద్దలు తలంపరాదు. తాతవలె పలుకలేని తనకు ఆ పేరుపై హక్కు లేదని వాడును తలంపరాదు. ఆ పేరుతో పిలిచినపుడు వాడు తన గొంతుతో పలికినచో చాలును.